కథ కంచికి చేరే దారి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

ముందువరుసలో పిల్లలు పులిహోర పొట్లాల కోసం కాచుకుని కూర్చున్నారు.

పోయిన నెలలో కార్యదర్శిగారు మా బుకింగు కిటికీ దగ్గరకు వచ్చి నిలబడ్డారు. టిక్కెట్టుకు వచ్చారనుకుని "ఎక్కడికండీ?" అన్నాము. "ఎక్కడికీ లేదు, ఈ ఉగాదికి నువ్వు ఒక ఇరవై నిమిషాలు మాట్లాడాలి" అన్నారు. మాట్లాడడం మా వృత్తి కాదు. పదో తరగతి ప్యాసై, పోటీ పరీక్ష రాసి, ఖుర్దారోడ్డు స్టేషనులో టిక్కెట్లు కొట్టుకుంటున్న గుమాస్తాలము. ఆ సంగతే మనవి చేసుకున్నాము. "అయితే పిల్లలూ వీడియో ఆటలూ అని పెట్టుకో. నాలుగు చీవాట్లు పెట్టి దిగిపో" అని సలహా కూడా వారే ఇచ్చారు.

పెద్దలు మన్నించాలి. చీవాట్లు పెట్టే యోగ్యత మాకు లేదు. ముప్పయ్యారేళ్ళు వచ్చి, ఇద్దరు పిల్లలకు తండ్రులమై కూడా, రాత్రి డ్యూటీ లేనినాడు ఆ ఆటలు ఆడుతున్నవాళ్ళమే. కనుక విషయాన్ని కాస్త పక్కకు తిప్పుకున్నాము. ఆ ఆటలు మంచివా చెడ్డవా అన్న వాదం జోలికి పోకుండా, వాటి ముగింపు ఎప్పుడు తృప్తినిస్తుంది, ఎప్పుడు ఉసూరుమనిపిస్తుంది అన్న ఒక్క ముక్క చెప్పి దిగుతాము. ఇందాక పంచాంగం వినిపించిన శాస్త్రులుగారు 2026లో వచ్చిన ఈ సంవత్సరం పేరు పలికేటప్పుడు కాస్త తడబడ్డారు. పరాభవ నామ సంవత్సరమట! ఇంతకుముందు 1966లో వచ్చింది, మళ్ళీ ఇప్పుడు వచ్చింది. ఓటమి పేరు పెట్టుకున్న ఏడాదిలో ఆటలను గురించి మాట్లాడడం మరీ అసందర్భం కాదనుకుంటాము.

మొదలు బాగుంటే చాలదా, కొసతో ఏం పని అనేవారు ఉండవచ్చు. కథ చెప్పే అమ్మమ్మనడగండి. "కథ కంచికి, మనం ఇంటికి" అనేదాకా పిల్లవాడు కన్ను మూయడు. ఆ మాట అనకుండా దీపం తీసేస్తే చీకట్లో "తరవాత?" అంటాడు. హరిదాసుగారు మంగళం పాడందే లేచిపోవడం తప్పని మన పెద్దలు కూర్చునేవారు. సినిమాలో "శుభం" అని అక్షరాలు పడేదాకా చెప్పులు వెతుక్కోని రోజులున్నాయి. అయితే కథకూ, హరికథకూ, సినిమాకూ లేని చిక్కు ఒకటి ఈ ఆటలకు ఉన్నది. సినిమాలో కథానాయకుడు పడ్డ పాట్లు అతనివి. మనం టిక్కెట్టు కొనుక్కుని చూచాము, అంతే. ఆటలో ప్రతి అడుగూ మన వేలితో వేయించినది. గోతిలో పడ్డది మనం, వందసార్లు చచ్చింది మనం, లేచింది మనం. కాబట్టి చివర వచ్చి "ఇదీ కథ" అని చెప్పేవాడు, మనం పడ్డ పాటుకు కూడా జవాబు చెప్పుకోవలసి ఉంటుంది.

మాకు ఈ సంగతి మొదట తెలిసింది కోంట్రా అనే ఆటతో. 1990ల చివర మన రైల్వే కాలనీ ఇళ్ళలోకి టీవీకి తగిలించే ఆటపెట్టెలు వచ్చాయి. పసుపురంగు క్యాసెట్టు మీద తొమ్మిదివేల తొమ్మిదివందల పైచిలుకు ఆటలని అచ్చువేసి ఉండేది. లోపల చూస్తే ఉన్నవి ఏ ముప్పయ్యో. తక్కినవన్నీ వాటికే మారుపేర్లు. కోంట్రా అన్నది 1987లో జపానులోని కొనామి కంపెనీవారు చేసిన ఆట. ఇద్దరు సిపాయిలు ఒక దీవిలో దిగి, అడ్డం వచ్చిన వాణ్ణల్లా కాలుస్తూ పోవడమే కథ. ఇద్దరు కలిసి ఆడవచ్చును గనక మేము, మా తమ్ముడు ఆడేవాళ్ళం. మాకు పదేళ్ళు, వాడికి ఏడు. ఒక్కొక్కరికి మూడే ప్రాణాలు. మీటలు ఒక వరసలో నొక్కితే ముప్పయి ప్రాణాలు వచ్చే కిటుకొకటి ఉంది గాని, అది మాకు చాలా రోజులు తెలియలేదు.

1999 అక్టోబరు 29న పెనుతుఫాను వచ్చింది. ఆ మాట ఈ సభలో విడమరచి చెప్పనక్కరలేదు. మీలో చాలామంది ఇళ్ళ రేకులు ఏ వీధిలో దొరికాయో మీకే తెలుసు. మా ఇంటికి కరెంటు వారాల తరబడి రాలేదు. వచ్చిన సాయంత్రం అమ్మ మొదట పంకా వేసింది. మా తమ్ముడు మొదట టీవీ వేశాడు. ఆ రాత్రే కోంట్రా పూర్తయింది. చివర రాక్షసుడి గుండెకాయ పగులుతుంది. హెలికాప్టరు లేస్తుంది, వెనకాల దీవి దీవంతా పేలిపోతుంది, ఆట చేసినవారి పేర్లు పడతాయి. అంతే, గట్టిగా ఒక నిమిషం కూడా లేదు. కాని మా తమ్ముడు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. "మనం దిగకపోతే అది పేలేది కాదు కదన్నయ్యా" అన్నాడు. ఏడేళ్ళవాడన్న ఆ మాటకంటె ఎక్కువ మేమీ రోజున చెప్పగలిగింది లేదు. అయినా ఇరవై నిమిషాలన్నారు గనక చెబుతాము.

అదే క్యాసెట్టులో మారియో కూడా ఉండేది. అందులో ఎనిమిది లోకాలు. ఒక్కొక్క లోకం చివర ఒక కోట. కోటలో రాక్షసుణ్ణి పడగొట్టి లోపలికి పోతే, పుట్టగొడుగు తలపాగా పెట్టుకున్న సేవకుడొకడు "చాలా సంతోషం, రాకుమారి ఇక్కడ లేదు, వేరే కోటలో ఉంది" అంటాడు. ఇట్లా ఏడుసార్లు! మన ఆఫీసులలో ఒక బల్ల నుంచి ఇంకొక బల్లకు పంపే పద్ధతి ఆ ఆట చేసినవారికి ఎవరు చెప్పారో తెలియదు. అయినా ఎవరికీ కోపం రాలేదు. ఎందుచేతనంటే ఎనిమిదోసారి రాకుమారి నిజంగానే ఉంది.

ఇక్కడ మా వృత్తికి సంబంధించిన మాటొకటి చెప్పుకోనివ్వండి. షిఫ్టు దిగేముందు మేము క్యాషు సరిచూసి అప్పగించాలి. అమ్మిన టిక్కెట్లెన్ని, రద్దుచేసినవెన్ని, సొరుగులో డబ్బెంత - రెండూ సరిపోవాలి. తగ్గితే జేబులోంచి వేసుకుంటాము, అందులో వింత లేదు. బయటివారికి వింతగా తోచేది ఏమిటంటే, ఎక్కువ వచ్చినా తప్పే. పది రూపాయలు మిగిలితే పండగ చేసుకోము. ఎవరికో చిల్లర ఇవ్వలేదన్నమాట, ఆ పదీ లెక్కలో చూపించి కట్టాలి. ఆట ముగింపు కూడా ఇట్లాంటి అప్పగింతే అని మా అభిప్రాయం. పడ్డ శ్రమకు తక్కువ ఇస్తే మనసు చివుక్కుమంటుంది. ఎక్కడినుంచి వచ్చిందో తెలియని గొప్పలు చివర కుమ్మరించినా చివుక్కుమంటుంది. నెగ్గడమూ ఓడడమూ తరవాత మాట.

లెక్క అణాపైసలతో సహా సరిపోయిన ఆటగా మేము చెప్పదలచినది ప్రిన్స్ ఆఫ్ పర్షియా. 1989లో జోర్డాన్ మెక్నర్ అనే అమెరికా కుర్రవాడు దాదాపు ఒంటిచేత్తో తయారుచేశాడు. తన తమ్ముణ్ణి పరుగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఆ బొమ్మల మీద బొమ్మ గీసి రాజకుమారుడికి నడక నేర్పాడు. మేమది 2001లో స్టేషను బజారులోని ఒక కంప్యూటరు సెంటరులో ఆడాము. గంటకు పది రూపాయలు. ఆటలో కూడా గంటే గడువు! అరవై నిమిషాలలో చెరసాల దాటి, మంత్రి జాఫరును చంపి, రాకుమారిని విడిపించాలి. కాబట్టి పది రూపాయలకు ఒక ప్రయత్నం. మా తమ్ముడు పక్కన నిలబడి గడియారం చూచి కేకలు వేసేవాడు.

నాలుగో మజిలీలో దారికడ్డంగా ఒక అద్దం ఉంటుంది. వెనక్కు పోయి, పరుగెత్తుకొచ్చి అద్దంలోకే దూకాలి. దూకగానే అవతలివైపునుంచి మన నీడ ఇంకొక మనిషై బయటపడి పారిపోతుంది. అక్కడినుంచి అది మనకు శత్రువు. మనం తాగవలసిన మందు తాగేస్తుంది. మనం దూకే సమయానికి తలుపు మూసి కిందికి పడేస్తుంది. చివరకు పన్నెండో మజిలీలో కత్తి దూసి ఎదురు నిలుస్తుంది. అప్పటికి యాభై నిమిషాలు అయి ఉంటాయి. ఇంతసేపూ ఆట మనకు నేర్పిందేమిటి? ఎదురు నిలిచినవాణ్ణి పొడవమని. పొడుస్తాము. నీడకు దెబ్బ తగిలితే మన ప్రాణం కూడా ఒకటి తగ్గుతుంది! దాన్ని చంపితే మనమూ చస్తాము. మేము మూడు పదులు, అంటే ముప్పయి రూపాయలు, అక్కడ తగలేశాము. నాలుగోసారి మా తమ్ముడు "కత్తి లోపల పెట్టెయ్యి" అన్నాడు. కత్తి దించాము. నీడ కూడా దించింది. ఒకరికొకరు ఎదురు నడిచారు, ఇద్దరూ ఒకరైపోయారు. ముందు అంతా అగాధం. పరుగెత్తితే అడుగు పడ్డచోటల్లా నేల పుడుతుంది.

ఆ తరవాత జాఫరుతో యుద్ధమూ, రాకుమారి కౌగిలింతా, మధ్యలో తలుపు తెరిచి సాయంచేసిన చిట్టెలుక కూడా పరుగెత్తుకురావడమూ, అవన్నీ ముచ్చటైనవే. అసలు ముగింపు మాత్రం కత్తి దించిన క్షణమే. నాలుగో మజిలీలో చేసిన అప్పు పన్నెండో మజిలీలో తీరింది. ఎవరూ వచ్చి ఉపన్యాసం చెప్పలేదు. మన వేలు మీటమీదినుంచి తొలగడమే అక్కడ కథ. ఇది నవలలో రాయవచ్చు, నాటకంలో ఆడవచ్చు; చదివినవాడికీ చూచినవాడికీ కత్తి దించిన బరువు చేతికి తెలియదు.

ఇక లెక్క తప్పినవి. ఫాల్అవుట్ 3 అని 2008లో వచ్చిన ఆట ఉంది. అణుయుద్ధం తరవాతి అమెరికా. నీళ్ళు కూడా విషమే. తండ్రి మొదలుపెట్టిన నీటి శుద్ధి యంత్రాన్ని బిడ్డ పూర్తిచేయడం కథ. చివర యంత్రం మీట ఉన్న గది నిండా ప్రాణాంతకమైన అణుధార్మికత. ఎవరో ఒకరు లోపలికి పోయి చావాలి. త్యాగం, కన్నీళ్ళు, అంతా బాగానే ఉంది. కాని పక్కనే ఫాక్స్ అనే రాక్షసాకారపు స్నేహితుడు ఉండవచ్చు. వాడికి ఆ ధార్మికత అంటదు. ఇంతకుముందు ఇట్లాంటి గదిలోకే వెళ్ళి మనకు కావలసిన వస్తువు తెచ్చిపెట్టినవాడు వాడే. "నాయనా, కాస్త లోపలికి పోయిరా" అంటే, ఇది నీ విధి, నేను అడ్డురాకూడదు అంటాడు! విధి అట! గొడుగు చేతిలో పట్టుకున్నవాడు, తడవడం నీ నుదుట రాసి ఉందని మనకు చెప్పినట్లుంది. ఆడినవారు ఊరుకోలేదు. 2009లో కంపెనీవారు అదనపు భాగం ఒకటి వేసి, స్నేహితుణ్ణి లోపలికి పంపే వీలు కల్పించారు, ఆట అక్కడితో ఆగకుండా కూడా చేశారు. దుఃఖాంతమని ఎవరూ గొడవపెట్టలేదు, గమనించండి. ఆ దుఃఖం అక్కరలేనిదని గొడవపెట్టారు.

ఇంతకంటె పెద్ద రగడ మాస్ ఎఫెక్ట్ అనే ఆటది. కెనడాలోని బయోవేర్ వారు 2007, 2010, 2012 సంవత్సరాలలో మూడు భాగాలుగా చేశారు. షెపర్డ్ అనే సైన్యాధికారి విశ్వాన్ని కబళించే యంత్రాలతో పోరాడడం కథ. దీని గొప్ప ఏమిటంటే, మొదటి భాగంలో మనం తీసుకున్న నిర్ణయాలు రెండు, మూడు భాగాలలోకి వెంట వస్తాయి. ఎవరిని బతికించాము, ఎవరిని వదులుకున్నాము, ఏ జాతికి మాట ఇచ్చాము - అన్నీ ఆట గుర్తుపెట్టుకుంటుంది. అయిదేళ్ళపాటు సర్వీసు పుస్తకంలో రాసినట్లు రాస్తూ వచ్చింది. తీరా కొసకు ఒక పిల్లవాడి ఆకారం కనబడి మూడు దారులు చూపిస్తుంది. ఏ దారి పట్టినా మొదట వచ్చిన బొమ్మలు ఇంచుమించు ఒకటే. వెలుగు మాత్రం ఒకటి ఎరుపు, ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ. ఇరవై ఏళ్ళు నౌకరీ చేసినవాడి సర్వీసు పుస్తకం తెరిచి చూడకుండానే "మీకు ఏ రంగు శాలువా కావాలి?" అని అడిగినట్లయింది.

జనం చేసిన నిరసన కూడా ముచ్చటైనదే. 400 పైచిలుకు చిన్న కేకులు కొని ఆ కంపెనీకి పంపారు. పైపూత ఎరుపు, నీలం, ఆకుపచ్చ. లోపల మాత్రం అన్నింటికీ ఒకటే రుచి! రాళ్ళు వేయకుండా కేకులతో కొట్టడం మాకు నచ్చింది. ఆ ఏడాది జూనులోనే కంపెనీవారు పెంచిన ముగింపును ఉచితంగా ఇచ్చారు. తోటివారు ఏమయ్యారో చూపించారు, మూడు దారులూ వద్దని తిరగబడే నాలుగో దారి కూడా పెట్టారు. కథ రాసినవాడు జనం అరిస్తే మార్చవచ్చునా అని అప్పుడు వాదం లేచింది. మాకు తోచినంతలో, నాటకం రాసినవాడిని మార్చమనే హక్కు మనకు లేదు. నీ మాట లెక్కలోకి వస్తుందని చెప్పి వందగంటలు పని చేయించుకున్నవాడిని లెక్క చూపించమనే హక్కు మాత్రం ఉన్నది.

సుఖాంతమైతేనే తృప్తి అనుకోకండి. ది లాస్ట్ ఆఫ్ అజ్ అనే 2013 నాటి ఆటలో, మహమ్మారికి లొంగని ఒక పద్నాలుగేళ్ళ పిల్లను జోయెల్ అనే మొరటు మనిషి దేశం ఈ కొసనుంచి ఆ కొసకు చేరుస్తాడు. అతని కన్నబిడ్డ ఏనాడో కాల్పులలో పోయింది. తీరా చేరాక, మందు తయారుచేయాలంటే పిల్ల ప్రాణం పోతుందని తెలుస్తుంది. లోకమా, పిల్లా? జోయెల్ వైద్యులను చంపి పిల్లను ఎత్తుకుపోతాడు. నొక్కేది మనమే; కాదనడానికి మీట లేదు. తరవాత పిల్ల నిజం చెప్పమని ఒట్టు వేయమంటుంది. అతను అబద్ధానికి ఒట్టు వేస్తాడు. పిల్ల సరేనంటుంది. అక్కడ ఆట ఆగిపోతుంది. మన హరిశ్చంద్రుడు కాటిలో నిలబడి కూడా ఆడని మాట ఇతను అలవోకగా ఆడాడు. నాటకంలోనైతే దేవతలు దిగివచ్చి చచ్చిన కొడుకును లేపుతారు. ఇక్కడ ఎవరూ దిగిరారు. మాకా రాత్రి నిద్ర పట్టలేదు. ఆడపిల్ల తండ్రులము గనక ఏ మీట నొక్కేవాళ్ళమో మాకు తెలుసు, అందుకని పట్టలేదు. అయినా అది లెక్క తప్పిన ముగింపు అని ఎవరన్నా అంటే ఒప్పుకోము.

ముగింపే లేని ఆటలను గురించి రెండు మాటలు. మీలో చాలామంది ఫోనులో మిఠాయిబిళ్ళలు పేల్చే ఆట ఆడుతున్నారు, దానికి కంచి లేదు, ఇల్లూ లేదు. 1980 నాటి పాక్‌మన్‌కు కూడా ముగింపు ఆలోచించలేదు. కాని లోపల మజిలీల లెక్కకు ఇచ్చిన చోటు చాలక, 256వ మజిలీ వచ్చేసరికి తెరలో కుడిసగం పిచ్చి అక్షరాలతో నిండిపోయి దారి మూసుకుపోతుంది. రిజిస్టరులో గడులు అయిపోయి ఆగడం అన్నమాట. ఇక మన వైకుంఠపాళీకి చక్కని ముగింపు ఉంది, వైకుంఠమే! చేరబోయే ముందు పెద్దపాము కూడా ఉంది. అయితే అక్కడ నడిపేది పాచిక గాని మనం కాదు. పామునోట పడ్డా పరమపదం ఎక్కినా మన చేతి తప్పూ లేదు, ఒప్పూ లేదు. అందుకే కాబోలు, ముక్కోటి జాగరణలో ఎవరు గెలిచారో తెల్లవారేసరికి ఎవరికీ గుర్తుండదు.

చివరగా ఒక ఆటను గురించి, కాస్త ఇంటి సంగతి కూడా కలిపి చెప్పవలసి ఉంది. ఈ భాగం చెప్పాలా వద్దా అని నాలుగు రోజులు తర్జనభర్జన పడ్డాము.

నియర్ ఆటోమాటా అని 2017లో జపానువారు చేసిన ఆట. యోకో తారో అనే ఆయన దర్శకుడు. మనుషులు లేని భూమిమీద మరమనుషులకూ యంత్రాలకూ యుద్ధం. దీనికి ఇంగ్లీషు అక్షరమాలలో ఎన్ని అక్షరాలో అన్ని, అంటే 26 ముగింపులు. అందులో కొన్ని ఉత్త హాస్యం. ఒక చేప తింటే ఒంట్లో ద్రవం గడ్డకట్టి మరమనిషి చచ్చిపోతుంది. పేర్లు పడతాయి, ఆట అయిపోయిందంటాడు! చేప లేనిదే ముద్ద దిగని ఊళ్ళో పెరిగిన మేము, మా తమ్ముడు, ఆ ముగింపు చూచి కడుపుబ్బ నవ్వుకున్నాము. అది 2018. వాడు డిప్లొమా చదివి, మొదటి జీతంతో కంప్యూటరు కొన్నాడు. రాత్రిళ్ళు ఒక మజిలీ వాడు, ఒక మజిలీ మేము ఆడేవాళ్ళం. మొదటి రెండు పెద్ద ముగింపులూ కలిసి చూచాము. 2019లో వాడికి పూనాలో ఉద్యోగమైంది. కంప్యూటరు ఇక్కడే వదిలి వెళ్ళాడు. "అన్నయ్యా, మిగతాది నేను వచ్చాక" అన్నాడు.

2022లో శ్రీకాకుళం జిల్లాలో ఉన్న మా తాతగారి ఇంటి విషయమై మాకూ వాడికీ మాట పట్టింపు వచ్చింది. వాడు అమ్మేద్దామన్నాడు. మేము వద్దన్నాము. అనరాని మాటలు అనుకున్నాము. మేమే ముందు అన్నాము. ఆ తరవాత రెండేళ్ళపైన మాటలు లేవు. యోగక్షేమాలన్నీ అమ్మ ఫోను ద్వారానే. ఇట్లాంటివి ఈ సభలో ఏ ఇంట్లో లేవు కనుక!

2024 డిసెంబరులో ఒక సెలవునాడు, వాడు రాడులే అనుకుని మిగిలిన ఆట మేమే పూర్తిచేశాము. మూడో ముగింపు, నాలుగో ముగింపు అయ్యాయి. అయిదోది మొదలయింది. ఆట చేసినవారి పేర్లు పైనుంచి దిగుతాయి. అవి ఊరికే దిగవు, మనమీద కాల్పులు జరుపుతాయి! మనం ఒక చిన్న ఓడలాంటి దానితో వాటిని కాల్చాలి. ఒంటరిగా గెలవడం ఇంచుమించు అసాధ్యం. చచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న వేస్తుంది. ఓటమి ఒప్పుకుంటావా? ఇదంతా అర్థంలేనిదేనా? ఆటలనేవి పనికిమాలిన చిన్న సంగతులేనా? పరాభవమంటే అదీ! కాదు, కాదు అని నొక్కుతూ పోయాము. కొంతసేపటికి, లోకంలో ఎక్కడెక్కడో ఆడినవారు రాసిపెట్టిన ధైర్యవచనాలు తెరమీద కనబడ్డాయి. ఇంకాసేపటికి, సాయం కావాలా అని అడిగింది. ఔనన్నాము. ఎవరెవరివో ఓడలు వచ్చి మా ఓడ చుట్టూ తిరుగుతూ కాపు కాశాయి. ఒంటరి గొంతుతో నడుస్తున్న పాట పదిమంది గొంతులదైంది. ఆ కాపుకాసే ఓడలలో ఒకదానికి దెబ్బ తగిలినప్పుడల్లా, ఫలానా ఆటగాడి దాచుకున్న ఆట పోయింది అని పేరుతో సహా పడుతుంది.

దాని అర్థం గెలిచాక గాని తెలియలేదు. గెలిచాక ఆట మమ్మల్ని అడిగింది: నీకు కూడా, ఎక్కడో చిక్కుకుపోయిన ముక్కుమొగం తెలియనివాడికి సాయపడాలని ఉందా? ఉంటే నువ్వు ఇన్నాళ్ళూ దాచుకున్న ఆటనంతా చెరిపివేయాలి. అతను నీకు కృతజ్ఞత చెప్పకపోవచ్చు. నీకు గిట్టనివాడే కావచ్చు. అయినా సరేనా? ఒకటికి రెండుసార్లు అడుగుతుంది. అంటే మాకు కాపుకాసిన ఆ ఓడలన్నీ, ఇట్లా చెరిపేసుకున్నవాళ్ళవి.

మా చెయ్యి ఆగిపోయింది. గంటల శ్రమ పోతుందని కాదు. అందులో సగం వాడిది. మొదటి సేవ్ 2018 నాటిది, వాడు పెట్టినది. చేప తిని చచ్చిన రాత్రి దానిలో ఉంది. "వద్దు" అని నొక్కాము. ఆట మమ్మల్ని తప్పు పట్టలేదు, నిష్ఠూరమాడలేదు. కంప్యూటరు ఆపి, టైము చూస్తే రాత్రి పదకొండున్నర. వాడికి ఫోను చేశాము.

చాలాసేపు మోగింది. "అమ్మకేమైంది?" అన్నాడు. ఏమీ కాలేదన్నాము. ఏం చెప్పాలో తోచక ఆట సంగతి చెప్పాము. మాట్లాడకుండా విన్నాడు.

"సాయం ఎవరికన్నయ్యా?" అన్నాడు.

"ఎవరికో తెలియదురా."

కాసేపు ఏమీ అనలేదు. తరవాత, "ఆగు. నేనొచ్చాక చేద్దాం. నువ్వొక్కడివీ ఆ చివరిది ఆడేశావా?" అన్నాడు. ఆ గొంతులో కోపం ఇంటి విషయం కాదు, ఆట విషయం.

సంక్రాంతికి రెండు రోజుల ముందు కోణార్క్ ఎక్స్‌ప్రెస్సులో దిగాడు. ఆ రాత్రి పేర్ల యుద్ధం మళ్ళీ మొదటినుంచి ఆడాము. వాడు ఆడాడు, మేము పక్కన కూర్చుని కేకలు వేశాము. వచ్చిన ఓడలలో ఎవరిదో పేరు చదివి "వీడు మనవాడే అయి ఉంటాడు" అని వాడు, "కాదు బెంగాలీ" అని మేము. ప్రశ్న వచ్చింది. వాడు మా మొహం చూచాడు. నొక్కమన్నాము. తెరమీద పటాలు, ఆయుధాలు, సంచిలోని వస్తువులు, దాచుకున్న ఆటలు, ఒక్కొక్క పేజీ వచ్చి చెరిగిపోతూ వచ్చాయి. చివరకు ఏమీ లేదు. వాడు ధైర్యవచనం రాయవలసినచోట ఏవో రెండు ముక్కలు రాశాడు. మమ్మల్ని చదవనివ్వలేదు.

ఇంటి మాట కనుమనాడు వాడే ఎత్తాడు. ఈసారి కేకలు లేవు. ఇల్లు ఇంకా అమ్మలేదు. అమ్మమని కూడా నిర్ణయించలేదు. పైకప్పు కారుతోందని పోయిన వేసవిలో వెళ్ళి పెంకులు నేయించి వచ్చాడు. తాళంచెవి ఇప్పుడు వాడి దగ్గరే ఉంది.

పులిహోర వచ్చినట్లుంది.